ఖైరాత్ సరే, హిసాబ్ ఏదీ?

కుట్టు మిషన్లు పదకొండు. వాటిని ఫొటో తీయడానికి వచ్చినవాళ్ళం పద్నాలుగు మందిమి. లెక్కపెట్టడం నా వృత్తి జబ్బు. రంజాన్ చివరి పది రోజుల్లో ఒక సాయంత్రం, విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఓ షాదీఖానా. వేదిక మీద ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో ముప్పాతిక భాగం ఒక్కడే మనిషి. ఆయన మా ఊరి బిల్డరు, మా కౌమ్ మనిషి. పేరు రాయను. రాస్తే ఇది ఆయన ఒక్కడి గొడవ అయిపోతుంది.

మిషన్లు తీసుకోవాల్సిన ఆడవాళ్ళను మధ్యాహ్నం రెండు గంటలకే రమ్మన్నారు. అందరూ రోజా ఉన్నవాళ్ళే. కుర్చీలు పెద్దమనుషులకి, జంపఖానా వీళ్ళకి. సాబ్ వచ్చేసరికి ఇఫ్తార్‌కు ఇరవై నిమిషాలుంది. మైకు పట్టుకున్నాయన ముందు ఉర్దూలో ఒక షేర్ చదివి, ఆ తర్వాత తెలుగులోకి దిగి సాబ్‌ను కలియుగ దానకర్ణుడన్నాడు. హాతిం తాయి అని ఊరుకుంటే సరిపోయేది. పత్రికలవాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువున్నారని కర్ణుణ్ణి కూడా రప్పించాడు.

వరసలో నాలుగో ఆమె మా వీధి ఖాలా. మా అబ్బాతో పాటు పోర్టులో కలాసీగా చేసిన మనిషి భార్య. నన్ను చూసి నఖాబ్ సర్దుకుని దగ్గరకు పిలిచింది. "బేటా, మీ పేపర్లో నా ఫొటో రాకుండా చూడరా. పెద్దపిల్ల రిష్తా మాటల్లో ఉంది. ఖైరాత్ తీసుకునే ఇల్లని తెలిస్తే వాళ్ళు వెనక్కి పోతారు" అంది. చూస్తానన్నాను. డెస్కుకు ఫోన్ కూడా చేశాను. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడింది. పడింది ఆమే. నవ్వుతున్న సాబ్, మిషను మీద ఆయన చెయ్యి, పక్కన కళ్ళు మాత్రం కనిపిస్తున్న ఖాలా. మా వీధిలో ఆ కళ్ళు తెలియనివాళ్ళు లేరు. రిష్తా ఏమైందో నేను అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

జకాత్ గురించి మాకు చిన్నప్పుడు మదర్సాలో చెప్పిన మొదటి సంగతి ఏమిటి? నిసాబ్ దాటిన సొమ్ము ఏడాది పాటు నీ దగ్గర నిలిస్తే అందులో నూటికి రెండున్నర నీది కాదు. నువ్వు ఇస్తున్నావని అనుకోకు, అది మొదటినుంచీ పేదవాడిదే, నీ దగ్గర దాచిపెట్టి ఉంది, అంతే. ఎవరికి చెందాలో ఎనిమిది రకాలవాళ్ళను ఖురానే లెక్క చెప్పింది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని ప్రవక్త చెప్పారు. మరి ఎడమచేతికే తెలియకూడనిది పద్నాలుగు కెమెరాలకు ఎందుకు తెలిసింది? ఎవడి బాకీ వాడు తీరుస్తూ పూలదండ వేయించుకోవడం ఏ షరియత్‌లో ఉంది?

అరబీలో ఇలాంటి సొమ్ముకు ఒక మాట ఉంది. హఖ్. తెలుగులోకి వచ్చి అది హక్కు అయింది.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. ఎందుకంటే విశాఖపట్నంలో ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా గొంతెత్తింది. అక్టోబరులో అమృతరావు గారు ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న ఇదే ఊళ్ళో పోలీసులు కాల్చారు. రాష్ట్రం మొత్తం మీద ఆ ఉద్యమంలో 32 మంది చనిపోయారు. ఆ నినాదంలో ఉక్కుకు ప్రాస కుదిర్చిన మాట మా ఇళ్ళలోంచి వెళ్ళిందే. తెలుగువాడి ఆత్మగౌరవం వీధిలో నిలబడి అరిచినప్పుడు నోటికొచ్చింది 'అధికారం' కాదు, 'స్వత్వం' కాదు, 'హక్కు'.

ఆ రోజు ఎవరూ ఏ ధనవంతుడి గుమ్మం ముందూ నిలబడి, అయ్యా మాకొక ఉక్కు ఫ్యాక్టరీ దానం చేయండి అని అడగలేదు. ఆంధ్రుల్లో కోటీశ్వరులున్నారు కదా, మీ ఫ్యాక్టరీ మీరే కట్టుకోండి అని ఢిల్లీ అనడానికి లేకపోయింది. అది పన్ను కట్టే పౌరుడు ప్రభుత్వాన్ని నిలదీసిన సందర్భం. అదే హక్కు అన్న మాట మేం వాడితే మాత్రం దాని అర్థం మారిపోతుంది. మేం బడి అడిగితే బుజ్జగింపు. ఉద్యోగంలో వాటా అడిగితే బుజ్జగింపు. 2007లో వెనకబడిన ముస్లిం కులాలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తే హైకోర్టు 2010 ఫిబ్రవరిలో కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ తాత్కాలికం మీదే ఒక తరం పిల్లలు డాక్టర్లూ ఇంజనీర్లూ అయ్యారు. మాకు ఇచ్చేది ఎప్పుడూ మధ్యంతరమే.

ఇక బిల్డర్ల సంగతి. నేను వాళ్ళను తిట్టడానికి కూర్చోలేదు. మా ఊరు పెరిగిన తీరే వాళ్ళను తయారుచేసింది. 1933లో హార్బరు తెరిచారు. ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి, షిప్‌యార్డు, రిఫైనరీ, జింకు, చివరికి ఉక్కు. ఉక్కు కోసం 64 గ్రామాలను లేపేశారు. భూమి ఇచ్చినవాళ్ళలో ఇంకా ఆర్ కార్డులు పట్టుకుని ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్ళు గాజువాక చుట్టుపక్కల కావలసినంతమంది. ఫ్యాక్టరీ వచ్చాక జీతాలు వచ్చాయి, జీతాలొచ్చాక ప్లాట్లు వచ్చాయి. మద్దిలపాలెం అవతల ఊరే లేదనుకున్న రోజుల్లో ఎండాడలో, కొమ్మాదిలో, మధురవాడలో సున్నంతో గీతలు గీసి రాళ్ళు పాతారు. కొందరు బ్రోకర్లు వెంచర్ల ఓనర్లయ్యారు. వాళ్ళలో కొందరు అపార్ట్‌మెంట్లు లేపారు. రెడ్లు, కమ్మలు, వెలమలు, రాజులు, కాపులు చేసిన వ్యాపారమే మా వాళ్ళు ఒకరిద్దరు చేశారు. అందులో మా వాళ్ళకు ప్రత్యేకమైన పుణ్యమూ లేదు, పాపమూ లేదు.

ప్రత్యేకత ఉన్నది కాగితంలో. ఏ క్రయ దస్తావేజైనా తీసి చదవండి. దస్తావేజు అన్న మాటే ఫారసీ. ఖరీదు, బయానా, బకాయి, వసూలు, జామీను, మంజూరు, సర్కారు, జిల్లా, తహసీలు... చివరికి నాలుగు వైపులా రాసే హద్దు కూడా అరబీయే. హద్దులు మా మాటతో రాసుకుని, సర్వహక్కులూ మా మాటతో బదిలీ చేసుకుని, ఆ ఇంట్లో ఒక ఫ్లాటు అద్దెకు అడిగితే "సాయిబులకు ఇవ్వమండీ" అంటారు.

ఇది ఎక్కడో జరిగిందని చెప్పడం లేదు. నాకు జరిగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఫోన్లో తెలుగు విని రమ్మంటారు. నా తెలుగులో తప్పు దొరకదు. నేను బీఏ చదివింది తెలుగులో, బతికేది తెలుగు రాసి. గుమ్మం దగ్గర పేరు అడుగుతారు. పేరు విన్నాక ఆ ముఖంలో వచ్చే మార్పు రాయడానికి తెలుగులోనూ ఉర్దూలోనూ నాకు మాట దొరకలేదు. ఒకాయన మర్యాదస్తుడు. మజ్జిగ ఇచ్చి మరీ పంపాడు. "మాకేం అభ్యంతరం లేదండి, మిగతా ఫ్లాట్లవాళ్ళు..." అన్నాడు. ఆ మిగతా ఫ్లాట్లవాళ్ళను నేను ఇంతవరకూ ఎక్కడా కలుసుకోలేదు. వాళ్ళు ఎప్పుడూ మిగతా ఫ్లాట్లలోనే ఉంటారు.

మా బిల్డర్ సాబ్ కట్టిన అపార్ట్‌మెంట్లలో మావాళ్ళకు ఇస్తారా అని మీరు అడగవచ్చు. నేనూ ఆయన్ని అడిగాను. "భాయ్, నాలుగు ఫ్లాట్లు మనవాళ్ళకిస్తే మిగతా పదహారు అమ్ముడుపోవు" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. కానీ ఆ ఒక్క మాటలో అంతా ఉంది. ఇల్లు కట్టే మనిషి మాకు ఇల్లు ఇవ్వలేడు, కుట్టు మిషను ఇస్తాడు. ఆ మిషను ఖాలా ఎక్కడ పెట్టుకుంటుంది? ఒకే గది. మూల మంచం, మూల పొయ్యి.

ఇంతకంటే చాలా మెరుగైన ఉదాహరణ ఒకటి హైదరాబాదులో ఉంది. దాన్ని చెప్పకుండా ఈ వాదన చేస్తే అన్యాయం. గియాసుద్దీన్ బాబూఖాన్. నిజాం కాలం నుంచి నిర్మాణ రంగంలో పేరున్న కుటుంబం. బషీర్‌బాగ్‌లో దిగిన ఎవరికైనా బాబూఖాన్ ఎస్టేట్ కనిపిస్తుంది. ఆ పెద్దమనిషి 1992లో హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్టు పెట్టారు. రంజాన్‌లో గుమ్మం ముందు వరస కట్టిన ఫకీర్ల చేతుల్లో చిల్లర వేసే పద్ధతి కాదిది. పదిమంది జకాత్‌ను ఒకచోట పోగుచేసి, పేదపిల్లల చదువుకు, పల్లెల్లో బడులకు, వితంతువుల పింఛనుకు పెట్టే పద్ధతి. తర్వాత చదువు కోసమే ఫీడ్ అనే సంస్థ వచ్చింది. వికారాబాద్ దగ్గర హైదరాబాద్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎక్సలెన్స్ అని హాస్టలుతో సహా విద్యాసంస్థ లేచింది. బిల్డరు బుద్ధి అంటే అదీ. పునాది వేయకుండా గోడ లేపడు. ఒక్కరోజు అన్నానికి కాక పదేళ్ళ చదువుకు ఎస్టిమేటు వేశాడు. జకాత్‌ను గుప్పెట్లోంచి తీసి బడిలో పెట్టడం మా సమాజంలో చిన్న పని కాదు. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు, పట్టడం లేదు కూడా.

కానీ ఆ 1992 అన్న అంకె నన్ను వదలదు. అప్పుడు నేను ఏడో తరగతి. ఆగస్టు 1న ప్రధాని పీవీ నరసింహారావు మా ఊరొచ్చి ఉక్కు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. అదే ప్రధాని ఢిల్లీలో కూర్చుని ఉండగానే డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. అమ్మీ నన్ను వారం రోజులు గడప దాటనివ్వలేదు. అంకితమైంది జాతికి. మేం ఆ జాతిలో ఉన్నామా లేదా అన్నది అయిదు నెలలు తిరక్కుండానే అనుమానమైంది. అలాంటి ఏడాదిలో ఒక బిల్డరు జకాత్ ట్రస్టు పెట్టడం నాకు కాకతాళీయంగా అనిపించదు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. మా అందరి మనసుల్లో ఉన్నది తెలుసు. ఇక మనకెవరూ లేరు, మన పని మనమే చేసుకోవాలి.

ఆ మాట వినడానికి పౌరుషంగానే ఉంటుంది. దానివల్ల లాభపడింది ఎవరు? ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. కలెక్టరాఫీసులో వింటున్నాను, సెమినార్లలో వింటున్నాను, చాలా మంచివాళ్ళయిన లౌకిక మిత్రుల నోట వింటున్నాను. "మీవాళ్ళు బాగా ఆర్గనైజ్డ్ కదండీ. మీ జకాత్ ఉంది, మీ ట్రస్టులున్నాయి." అంటే ఏమిటి? మురుగు కాలవ బాగుచేయమని కార్పొరేషన్‌ను అడగొద్దు, మీ సాబ్‌ను అడుక్కోండి అనే కదా. అదే నోటితో ఇంకొకరు, ఆ డబ్బు గల్ఫ్‌దేమో, దేనికి వాడుతున్నారో అంటారు. ఇస్తే అనుమానం, ఇవ్వకపోతే మీ ధనవంతులేం చేస్తున్నారన్న ఎత్తిపొడుపు.

నేను చదివింది మిసెస్ ఏవీఎన్ కాలేజీలో. అంకితం వారింటి విరాళం వల్ల వచ్చిన పేరది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. జయపురం జమీ మీద వచ్చిన శిస్తులోంచే ఆ లక్షలు. దాన్ని ఎవరైనా 'హిందూ సమాజ సేవ' అన్నారా? అనలేదు, అనకూడదు కూడా. అది విద్యాదానం, ఊరి సొత్తు, నేనూ అందులో నీళ్ళు తాగినవాణ్ణే. మరి మా బాబూఖాన్ బడి కడితే అది 'ముస్లిం దాతృత్వం' ఎందుకవుతుంది? మీ దాతలు దేశానికి పెట్టినట్టు, మా దాతలు మాకు పెట్టుకున్నట్టు ఎవరు రాశారు? రాసింది మేమే, పత్రికలవాళ్ళం. శీర్షిక పెట్టేటప్పుడు 'మైనారిటీలకు కుట్టు మిషన్లు' అని రాసిన చెయ్యి నాది కూడా.

ఒకప్పుడు ఈ ఊళ్ళో ఇలా లేదు. హార్బరు మీదికి చూసే దర్గా కొండ ఉంది. హజరత్ సయ్యద్ అలీ మదీనా, ఊరంతా పిలిచే పేరు ఇస్హాక్ మదీనా అవులియా. బంగాళాఖాతంలో గాలీ వానా ఆయన మాట వింటాయని నమ్మకం. వచ్చే ఓడా పోయే ఓడా జెండా మూడుసార్లు దించి ఎత్తి ఆయనకు సలాం చేసేవని, సముద్రం మీద క్షేమంగా తిరిగొచ్చిన హిందూ ఓడ యజమానులు వెండి పడవలు సమర్పించుకునేవారని తెల్లదొరలు రాసిన జిల్లా గ్రంథాల్లోనే ఉంది. ఆ వెండి పడవ ఏ సమాజపు సేవ? ఇచ్చినవాడు ఎవరు, పుచ్చుకున్నవాడు ఎవరు? ఇప్పుడు దర్గా, చర్చి, గుడి ఉన్న మూడు కొండల్నీ కలిపి ఫొటో తీసి మతసామరస్యం అని కేలండర్ వేస్తారు. కేలండర్ బాగుంటుంది. కొండ కింద అద్దెకు ఇల్లు దొరకదు.

దర్గా అన్నాక వక్ఫ్ మాట రాక తప్పదు. అసలు విషయం ఇదే. జకాత్ ప్రతి ఏడూ ఇచ్చేది. వక్ఫ్ ఒక్కసారి ఇచ్చి శాశ్వతంగా వదిలేసేది. ఇచ్చినవాడు చనిపోతాడు, నేల ఉంటుంది, దాని రాబడి బీదలకు, బడికి, వైద్యానికి పోతూనే ఉంటుంది. ఎవరికీ దండ వేయనక్కర్లేదు. మా పెద్దలు మమ్మల్ని యాచకులుగా వదిలి వెళ్ళలేదు, మాకు భూమి రాసి వెళ్ళారు. 2006లో సచార్ కమిటీ లెక్క చెప్పింది. దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, భూమి 6 లక్షల ఎకరాలు. కాగితం మీద విలువ 6 వేల కోట్లు, బజారు విలువ లక్షా 20 వేల కోట్లు. సరిగా వాడితే ఏడాదికి 12 వేల కోట్ల రాబడి వచ్చేదని ఆ కమిటీ అంచనా. ఎంతమంది దాతలు ఎన్ని రంజాన్‌లు నిలబడి పంచితే ఆ 12 వేల కోట్లవుతుంది?

ఆ నేల ఎటు పోయింది? కొంత సర్కారు తీసుకుంది. కొంత సర్కారు చేతుల మీదుగా కంపెనీలకు వెళ్ళింది. హైదరాబాదులో మణికొండకు వెళ్ళి చూడండి. హజరత్ హుస్సేన్ షా వలీ దర్గా జాగీరు, 1,654 ఎకరాలు. ఏపీఐఐసీ ద్వారా అందులో కంపెనీలకు ఇచ్చారు. ఆకాశంలోకి లేచిన లాంకో హిల్స్ టవర్లు అక్కడివే. అది వక్ఫ్ భూమి అని బోర్డు ఏళ్ళ తరబడి పోరాడింది. 2012లో హైకోర్టులో గెలిచింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని తేల్చింది. తీర్పు తీర్పే, దాని మీద నేను మాట్లాడను. కానీ ఒక పక్క అన్ని వందల ఎకరాలు చేయి దాటిపోయే నగరంలో ఇంకోపక్క వితంతువు పింఛను కోసం ట్రస్టుకు అర్జీ పెట్టుకుంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను. మా విశాఖలోనూ అంతే. పాలవలస వైపు హిందూజా కరెంటు కేంద్రానికి వెళ్ళిన నేల గురించి వక్ఫ్ బోర్డు ఎన్నేళ్ళు వాదించిందో పాత పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది.

2025 ఏప్రిల్‌లో పార్లమెంటు వక్ఫ్ చట్టాన్ని సవరించింది. మా రాష్ట్రాన్ని ఏలే తెలుగుదేశం కూడా చెయ్యెత్తింది. ఆ చట్టం ప్రకారం ఒకడు తన ఆస్తి వక్ఫ్ చేయాలంటే కనీసం అయిదేళ్ళుగా ఇస్లాం ఆచరిస్తున్నట్టు చూపాలి. దానం చేయడానికి సర్టిఫికెట్! ఆ ముక్కను, ఇంకొన్నిటిని సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు తాత్కాలికంగా ఆపింది. మళ్ళీ మధ్యంతరమే.

ఇక్కడితో ఆపేస్తే మావాళ్ళు చప్పట్లు కొడతారు. అందుకే ఆపను. వక్ఫ్ నేలను మింగింది సర్కారొక్కటేనా? బజారు మధ్యలో ఉన్న వక్ఫ్ దుకాణానికి టీ ఖర్చంత అద్దె రాసి, మిగతాది బల్ల కింద పుచ్చుకున్న ముతవల్లీలు ఎవరు? ఖబరస్తాన్ ప్రహరీని రెండడుగులు లోపలికి జరిపి అమ్మినవాళ్ళు ఏ మతం? కొన్న బిల్డర్లలో మా సాబ్‌లు లేరా? చచ్చినవాడి జాగా అమ్ముకుని బతికున్నవాడికి కుట్టు మిషను ఇవ్వడాన్ని సదకా అందామా? మసీదు కమిటీల్లో ఈ మాట అంటే, "ఇప్పుడు సమయం కాదు భాయ్, బయట వాళ్ళు వింటారు" అంటారు. బయటివాళ్ళు ఎప్పుడో విన్నారు. విననిది మనమే.

ఇంకో మాట. ఆ షాదీఖానా వేదిక మీద కూర్చున్నవాళ్ళ ఇంటిపేర్లు చూశాను. సయ్యద్, షేక్, పఠాన్, మీర్జా. జంపఖానా మీద కూర్చున్నవాళ్ళలో దూదేకుల వాళ్ళున్నారు, ఫకీర్లున్నారు. దూదేకుల మనిషికి ఉర్దూ రాదు, ఇంట్లో తెలుగే. అందుకని వేదిక మీదివాళ్ళకు అతను సగం ముస్లిం. పేరు మస్తాన్ కనక అద్దె ఇల్లిచ్చేవాడికి నిండు ముస్లిం. కౌమ్, కౌమ్ అని మైకులో అరిచేవాళ్ళు ఒక్క దూదేకుల ఆమెను ట్రస్టు బోర్డులో కూర్చోబెట్టండి చూద్దాం. డబ్బు ఎవరికి ఇవ్వాలో ఇచ్చేవాడే తేల్చినంతకాలం, పుచ్చుకునేవాడు వరసలోనే నిలబడాలి. ఎంత మంచి ట్రస్టుకైనా ఈ ప్రశ్న తప్పదు, అది హైదరాబాదులో ఉన్నా సరే.

"ట్రస్టులు మూసేసుకోమంటావా?" అని ఒక పెద్దాయన నా మీద కోప్పడ్డారు. మూయమనడం లేదు జనాబ్. బడి ఉంటే పిల్ల చదువుతుంది, నేను వ్యాసం రాస్తే చదవదు. ఆపాటి జ్ఞానం నాకుంది. కానీ కొలత చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2016లో మైనారిటీ గురుకులాలు మొదలుపెట్టి కొద్ది సంవత్సరాల్లోనే 204కు తీసుకువెళ్ళింది. వాటిలో లోపాలున్నాయి, అద్దె భవనాలున్నాయి, అది వేరే వ్యాసం. అయినా ఏ బిల్డరూ, ఎంత పెద్ద మనసున్నా, 204 కట్టలేడు. సర్కారు తలుచుకుంటే కడుతుంది. తలుచుకునేటట్టు చేయడం హక్కు అడిగేవాడి పని, కృతజ్ఞతలు చెప్పేవాడి పని కాదు. ఆ గురుకులంలో చేరిన పిల్ల ఎవరి పక్కనా నిలబడి ఫొటో దిగనక్కర్లేదు. నాకు అది చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఖాలా చిన్నకూతురు చదువుకునే వయసులో ఉంది.

ఇప్పుడు ఉక్కు సంగతి కూడా మళ్ళీ హక్కు దగ్గరికే వచ్చింది. 2021 జనవరిలో కేంద్రం ఫ్యాక్టరీని నూటికి నూరుపాళ్ళూ అమ్మేస్తామంది. కార్మికులు ఏళ్ళ తరబడి శిబిరాల్లో కూర్చున్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ప్యాకేజీ వచ్చినా భయం పోలేదు. ఎందుకంటే అమ్మకం మాటెత్తే ప్రతివాడి కళ్ళూ కొలిమి మీద లేవు, ఫ్యాక్టరీ కింద ఉన్న వేల ఎకరాల మీద ఉన్నాయి. సముద్రం పక్కన, ఊరికి ఆనుకుని, హద్దులు గీసి సిద్ధంగా ఉన్న నేల. 64 ఊళ్ళ నేల. నేను ఆ శిబిరానికి వెళ్ళాను. కాంట్రాక్టు కార్మికుల్లో మావాళ్ళూ ఉన్నారు. అక్కడ జెండా పట్టుకున్నప్పుడు వాళ్ళ పేరు ఎవరూ అడగలేదు. కామ్రేడ్ మిత్రులారా, దర్గా నేల గురించి మేం కూర్చున్న రోజున మీరూ వస్తే బాగుండేది. ఫ్యాక్టరీ నేల అమ్మితే ప్రజల ఆస్తి పోయినట్టు, వక్ఫ్ నేల పోతే మతం గొడవ అయినట్టు ఎందుకు చూస్తారు? రెండూ ఒకరు ఇచ్చి నలుగురికి వదిలేసిన నేలలే. రెంటినీ ఆశగా చూసేది ఒకే జాతి కళ్ళు. ఆ జాతికి మతం లేదు. మా సాబ్ కూడా అందులో ఒకడు.

మొన్న మళ్ళీ ఫోన్ చేశాడాయన. వచ్చే రంజాన్‌కు ఈసారి ఇరవై అయిదు మిషన్లట, మంత్రిగారు వస్తున్నారట, మంచి కవరేజీ ఇప్పించమన్నాడు. నేను ఆయనకో బేరం చెప్పాను. సాబ్, మిషన్లు రాత్రిపూట ఆటోలో ఇళ్ళకు పంపించండి. షాదీఖానా అద్దె, ఫ్లెక్సీ ఖర్చు మిగులుతాయి. ఆ డబ్బుతో మీ వకీలును పంపించి ఈ జిల్లాలో వక్ఫ్‌గా గెజిట్‌లో ఎక్కిన ప్రతి సర్వే నంబరు, దాని హద్దులు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఎంత అద్దె కడుతున్నారు, ఆ అద్దె ఎటు పోతోంది, ఈ అయిదు ముక్కలూ రాయించండి. మీ వెంచర్ల కింద ఏవైనా ఉంటే అవి మొదటి పేజీలో పెట్టండి. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. తర్జుమా నేను చేసిపెడతాను, పైసా వద్దు. జుమ్మా నాడు ప్రతి మసీదు గోడకూ అంటిద్దాం.

"ఆలోచిస్తాను భాయ్" అన్నాడు. జిరాక్సు ఖర్చు కూడా మేమే పెట్టుకుంటామని చెప్పేలోపు ఫోన్ పెట్టేశాడు.